జమాఖర్చు పుస్తకంలో రాయని ఖర్చు



ప్రతి సంవత్సరం సర్వసభ్య సమావేశంలో బడ్జెట్ చదివేటప్పుడు ఒక పద్దు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతట అదే తగ్గుతుంది. "రంగుల గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్, చేతి తొడుగులు, మగ్గాల షెడ్డుకు లైట్లు, మంటలు ఆర్పే సిలిండర్లు నింపుడు" అనే పద్దు అది. చదవడం అయ్యీ కాకముందే ఎవరో ఒకరు లేస్తారు. "సెక్రటరీ గారూ, దీంతోని ఒక్క టవల్ అన్నా ఎక్కువ అమ్ముడు పోతదా?" అని అడుగుతారు. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు. నూలు ధర పెరిగి, సరుకు గోదాములో పడి ఉన్నప్పుడు ఎవరైనా అదే అడుగుతారు.

సమావేశంలో ఐదు నిమిషాల్లో చెప్పలేని జవాబును ఈ సంచికలో నాలుగు పేజీల్లో చెబుదామని కూర్చున్నాను. జవాబు నా సొంతం కాదు. నూలు, బట్ట, రంగు పని నడిచిన ప్రతి దేశంలో గత 200 ఏండ్లలో జరిగిందే.

గుంట మగ్గం రోజులు

మన వాళ్లు కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి కరువులకు, అప్పులకు ఊళ్లు వదిలి సోలాపూర్ చేరారు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు పెట్టారు. మిల్లును ఇక్కడ మరాఠీలో గిరణీ అంటారు, మేమూ అదే అంటాం. కొందరు గిరణీలోకి పోయారు. ఎక్కువమంది ఇంట్లోనే మగ్గం వేసుకున్నారు.

ఆ ఇల్లు ఎట్లుండేదో పెద్దవాళ్లకు తెలుసు. ఒకటే గది. గదిలో గుంట, గుంటలో కాళ్లు. గాలి ఆడితే పోగు ఆరిపోయి తెగుతుందని కిటికీ మూసి ఉంచేవాళ్లు. గుంటలో తేమ ఉంటే పడుగు మెత్తగా ఉంటుందని సంతోషపడేవాళ్లు. పోగుకు మంచిదైన ఆ చెమ్మ మోకాళ్లకు మంచిది కాదు. పోగుకు మంచిదైన ఆ మూసిన కిటికీ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒకే గదిలో ఒకరికి క్షయ వస్తే కండెలు చుట్టే తల్లికీ, పక్కన పండుకునే పిల్లకూ వచ్చేది.

మా నాయన నలభై అయిదు దాటకముందే నడుము వంగిపోయింది. మగ్గం దిగిన నాటినుంచి ఇంటి ఆదాయం సగమైంది, నా చదువు ఆగింది, అక్క బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఈ నష్టం ఏ పుస్తకంలో రాశారు? మాకు నూలు ఇచ్చిన సావుకారు పుస్తకంలో లేదు. ఆయన ఇంకొక మగ్గానికి నూలు ఇచ్చుకున్నాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న సంగతి ఇదే. పనివల్ల వచ్చే రోగానికి, ప్రమాదానికి, చెడిన నీళ్లకు ఖర్చు ఎప్పుడూ అవుతూనే ఉంది. మనం కొత్తగా పెట్టే ఖర్చేమీ లేదు. ఇన్నాళ్లూ వేరే ఇంట్లో, వేరే పేరుతో కట్టినం, అంతే.

గిరణీ కాలం: "మునిగిపోతాం" అన్న మాట

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. ఏడేండ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టొద్దు, 12 ఏండ్లలోపు పిల్లలతో రోజుకు 9 గంటలకు మించి చేయించొద్దు అనేది అందులో ముఖ్య సంగతి. పెద్దవాళ్ల పని గంటలకు హద్దే లేదు. ఈ చట్టం వెనుక దయ ఉంది, స్వార్థమూ ఉంది. బొంబాయి మిల్లులు చవగ్గా బట్ట తీస్తున్నాయని ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుదారులు కూడా ఈ చట్టం కోసం ఒత్తిడి చేశారు. ఇక్కడి మిల్లుదారులు "మా పరిశ్రమను ముంచడానికే" అన్నారు.

నారాయణ్ మేఘాజీ లోఖండే గారు 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి వారానికి ఒక రోజు సెలవు అడిగారు. ఆరేండ్లు పోరాడిన తర్వాత 1890 జూన్ 10న మిల్లుదారుల సంఘం ఆదివారం సెలవు ఒప్పుకుంది. 1891 చట్టంలో వారపు సెలవు చేరింది. 1911లో బట్టల మిల్లులో మగవాళ్లకు 12 గంటల హద్దు వచ్చింది. 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54 గంటలు అయింది. డాక్టర్ అంబేద్కర్ గారు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలో బిల్లు పెట్టారు, 1946లో అది 48 గంటలకు దిగింది. ఈ రోజు మనం ఎనిమిది గంటల పని అని మామూలుగా అంటామే, అది 65 ఏండ్లు మెట్టు మెట్టుగా దిగి వచ్చింది.

ప్రతి మెట్టు దగ్గరా "మునిగిపోతాం" అనే మాట వినబడింది. మిల్లులు ఆ తర్వాత చాలా దశాబ్దాలకు మూతపడ్డాయి. కాని పాత యంత్రాలు, పవర్‌లూమ్ పోటీ, యాజమాన్యాల తీరు, సమ్మెలు వాటికి కారణాలు. ఆదివారం సెలవు ఇచ్చినందుకు మూతపడ్డ మిల్లు ఒకటి కూడా నాకు కనబడలేదు.

ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. స్కాట్లాండులోని న్యూ లానార్క్ నూలు మిల్లును 1800లో రాబర్ట్ ఓవెన్ నడపడం మొదలుపెట్టాడు. పదేండ్లలోపు పిల్లల్ని మిల్లులోకి రానీయలేదు. పని గంటలు పదిన్నరకు తగ్గించాడు. కార్మికుల ఇండ్లు, వీధులు శుభ్రం చేయించాడు. 1806లో అమెరికా నుంచి దూది ఆగిపోయి నాలుగు నెలలు మిల్లు నడవకపోతే, యంత్రాలు తుడిచి ఉంచమని చెప్పి అందరికీ పూర్తి కూలి ఇచ్చాడు. భాగస్వాములు కోపగించుకున్నారు. మిల్లు మాత్రం లాభంలోనే నడిచింది. ఓవెన్ తోటి మిల్లుదారులను ఒక ప్రశ్న అడిగాడు. ఇనుప యంత్రానికి నూనె పోసి తుడిచి చూసుకుంటే లాభమని మీకు తెలుసు గదా, ప్రాణమున్న యంత్రాన్ని చూసుకుంటే లాభం ఎందుకు రాదు అని. ఈ ప్రశ్న మా డైరెక్టర్లను అడగాలని నాకు చాలాసార్లు అనిపించింది.

నాడెను ముద్దుపెట్టుకోవడం, సోమవారం ఆయాసం

నాడెలో కండె పెట్టి, దారం కొసను కంటిలోంచి నోటితో పీల్చి బయటికి తీయడం మనలో చాలామందికి అలవాటు. లాంకషైర్‌లో దీన్ని నాడెను ముద్దుపెట్టుకోవడం అనేవాళ్లు. ఒకే నాడెను పది మంది పీల్చేవాళ్లు. దూది నుసి, నూనె, ఒకరి ఎంగిలి ఇంకొకరికి. దీంతో రోగాలు పాకుతాయని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1911లోనే నిషేధించింది. లాంకషైర్‌లో 1952 దాకా ఆగలేదు. నిషేధించినందుకు నేత ఆగిందా? నోరు పెట్టకుండా దారం ఎక్కించే నాడె వచ్చింది. అది వచ్చినంక కండె మార్చడం ఇంకా తొందరగా అయింది.

దూది నుసి సంగతి ఇంకా పెద్దది. దూది విప్పే, ఏకే విభాగాల్లో ఏండ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఛాతీ బిగుసుకుపోయే రోగం వస్తుంది. దాని పేరు బిస్సినోసిస్. సెలవు రోజు హాయిగా ఉండి, సోమవారం పనిలోకి రాగానే ఆయాసం మొదలవుతుంది. అందుకే ఇంగ్లీషువాళ్లు సోమవారం జ్వరం అన్నారు. మొదట సోమవారం ఒక్కరోజే ఉంటుంది, కొన్నేండ్లకు వారమంతా ఉంటుంది, ఆ తర్వాత పని మానినా తగ్గదు. నేత విభాగంలో ఇది తక్కువ. కాని టెర్రీ టవల్ నేసే షెడ్డులో దూలాల మీద, ఫ్యాను రెక్కల మీద పేరుకునే నుసి చూసినవాళ్లెవరూ అది ఊపిరితిత్తుల్లోకి పోదని అనలేరు. మన దేశంలో ఈ.ఎస్.ఐ. చట్టం ఈ రోగాన్ని వృత్తిరోగాల పట్టికలో పెట్టింది.

అమెరికా ప్రభుత్వం 1978లో మిల్లుల్లో నుసి ఎంత దాటకూడదో హద్దు పెట్టింది. మిల్లుదారులు ఇంత ఖర్చు మోయలేమని సుప్రీంకోర్టు దాకా పోయారు. 1981లో కోర్టు ఆ నియమాన్నే నిలబెట్టింది. అప్పుడు మిల్లులు నుసి పీల్చే గొట్టాలు, మూతలున్న కార్డింగ్ యంత్రాలు, కొత్త స్పిన్నింగ్ యంత్రాలు తెచ్చాయి. ఖర్చు ముందు భయపెట్టినదానికంటే చాలా తక్కువ అయింది. కొత్త యంత్రాలు నుసి తగ్గించడమే కాదు, నూలు కూడా ఎక్కువ తీశాయి. రోగులు కొద్ది సంవత్సరాల్లోనే బాగా తగ్గారు. ఆ దేశం బట్టల మిల్లులు తర్వాత చవక దిగుమతుల వల్ల దెబ్బతిన్నాయి, అది వేరే కథ. నుసి తగ్గించినందుకు మాత్రం అవి నష్టపోలేదు.

రంగుల కాక

ఇప్పుడు మా సంఘం చేసిన తప్పు గురించి రాస్తాను. వార్షికోత్సవ సంచికలో ఇట్లాంటివి రాయరు. కాని ఇది రాయకుండా మిగతాది రాసే హక్కు నాకు లేదనిపించింది.

కృత్రిమ రంగులు 1856 తర్వాత యూరప్‌లో పుట్టాయి. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే డాక్టరు, రంగు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని 1895లో చెప్పాడు. తర్వాత తేలింది ఏమిటంటే, కొన్ని అజో రంగులు శరీరంలో విరిగి బెంజిడీన్ లాంటి అమైన్లు అవుతాయి, అవి క్యాన్సర్ తెస్తాయి. 1895లో పనివాడి ఒంట్లో కనబడ్డ రోగానికి కొనేవాడి ఒంటిని కాపాడే చట్టం వచ్చేసరికి వంద సంవత్సరాలు పట్టింది. 1994లో జర్మనీ అట్లాంటి రంగులు వేసిన బట్టను అమ్మరాదని చట్టం చేసింది. మన ప్రభుత్వం 1993లో 42 బెంజిడీన్ రంగులను, 1997 మార్చిలో మరో 70 అజో రంగులను నిషేధించింది. మొత్తం 112. యూరప్ అంతటికీ 2002లో ఒకే నియమం వచ్చింది. కిలో బట్టలో అట్లాంటి ఒక్కో అమైన్ 30 మిల్లీగ్రాములు దాటొద్దు.

ఆ మధ్య సంవత్సరాల్లో నేను సంఘంలో గుమాస్తాను. రంగు పట్టీ లేని డబ్బాల్లో, పొట్లాల్లో కొనేవాళ్లం. ఎరుపు కావాలంటే ఎరుపు, చవక కావాలంటే చవక. ఒక ఎగుమతి వ్యాపారి ద్వారా గోడకు వేలాడదీసే బట్టలు, టవళ్లు జర్మనీకి పంపే ఆర్డరు వచ్చింది. సంఘానికి అంత పెద్ద ఆర్డరు అదే మొదలు. రెండు నెలలు రాత్రీపగలూ నేసినం. ముక్క కోసి పరీక్షకు పంపిస్తే నిషేధించిన అమైన్ ఉందని కాగితం వచ్చింది. సరుకంతా వాపస్.

ఆ నష్టం మా పుస్తకంలో ఉంది. నూలు, కూలి, రవాణా, వడ్డీ అన్నీ రాసినం. తీరడానికి మూడేండ్లు పట్టింది. పరీక్ష చేసిన, పట్టీ ఉన్న రంగు కొని ఉంటే అయ్యే అదనపు ఖర్చు ఆ నష్టంలో పదో వంతు కూడా కాదు. వ్యాపార లెక్క అడిగేవాళ్లకు ఈ ఒక్క పేజీ చాలు.

కాని ఆ పుస్తకంలో రెండు సంగతులు లేవు. ఒకటి, వాపస్ వచ్చిన సరుకును మేం ఏం చేసినం అనేది. ఎవరి ఒంటికి తగలొద్దని జర్మనీవాడు పంపేశాడో ఆ టవళ్లను తక్కువ ధరకు వారం సంతలో అమ్మినం. మన వాళ్ల భుజాల మీదికే పోయాయి. జమ వైపు "సరుకు అమ్మకం" అని ఉంది, నా చేతిరాతే.

రెండోది, రంగుల కాక. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అట్లనే పిలిచేవాళ్లం. ముప్ఫై ఏండ్లు ఉత్త చేతులతో గాబులో చిలపలు ముంచి తీసినాయన. చేతులు మోచేతి దాకా ఏ రోజు రంగు ఆ రోజు. ఆ చేతులతోనే తంబాకు నలిపేవాడు, అన్నం తినేవాడు. చివరి రెండేండ్లు మూత్రంలో రక్తం పడేది. ఆస్పత్రిలో చూపిస్తే చాలా ఆలస్యమైందన్నారు. అది రంగువల్లే వచ్చిందని నేను అనను, తంబాకు కూడా ఉంది గదా అనేవాళ్లుంటారు. మా పుస్తకంలో ఆయన గురించి ఒకటే పద్దు ఉంది: "అంత్యక్రియల సాయం, రూ. 500". ముప్ఫై ఏండ్లలో ఆయన చేతికి తొడుగు కొన్నట్టు ఒక్క పద్దు కూడా లేదు. నేను వెతికిన.

నీళ్లు: తిరుప్పూర్ నేర్పిన పాఠం

కోయంబత్తూరు, ఈరోడు, సేలం వైపున్న మన తెలుగు నేతవాళ్లకు ఇది కళ్లముందు జరిగిన కథ. తిరుప్పూర్‌లో బనియన్లు, టీషర్టులు ఎగుమతి పెరిగిన కొద్దీ రంగుల నీళ్లు నొయ్యల్ నదిలోకి వదిలారు. రియాక్టివ్ రంగు పట్టడానికి ఉప్పు చాలా వేయాలి. రంగును ఎంత తీసేసినా ఆ ఉప్పు నీళ్లలోనే ఉంటుంది. కింద రైతుల కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్టలో సాగునీటికి బదులు రంగు నీళ్లు నిలిచాయి. పొలాలు చౌడు పట్టాయి, బావులు ఉప్పయ్యాయి. రైతులు కోర్టుకు పోయారు.

ఒక్క చుక్క కూడా బయటికి వదలరాదని 2006లో మద్రాసు హైకోర్టు చెప్పింది. గడువులు దాటాయి. 2011 జనవరిలో రంగుల యూనిట్లన్నీ మూసేయమంది. 700కు పైగా యూనిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. రంగు లేక అల్లిక, కుట్టు, ప్యాకింగ్ అన్నీ ఆగాయి. ఆర్డర్లు వేరే ఊళ్లకు పోయాయి, కూలీలు సొంత ఊళ్లకు పోయారు.

తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. అందరూ కలిసి వాడుకునే శుద్ధి ప్లాంట్లను బాగు చేసుకున్నారు. ఇప్పుడు వాడిన నీళ్లలో 90 శాతానికి పైగా మళ్లీ వాడుకుంటున్నారు, ఉప్పును కూడా తీసి మళ్లీ గాబులో వేస్తున్నారు. ఖర్చు ఎక్కువే, ఎవరూ కాదనరు. కాని ఈ రోజు విదేశీ కొనుగోలుదారు "నీళ్లు ఏం చేస్తున్నారు" అని అడిగితే తిరుప్పూర్ దగ్గర జవాబుంది. ఇరవై ఏండ్ల ముందే మెల్లమెల్లగా పెట్టి ఉంటే ఆ మూత, ఆ కోర్టు, ఆ చౌడు భూములు లేకపోవును.

మంట, గోడ

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే బట్టలు కుట్టే ఫ్యాక్టరీ కాలి 146 మంది చనిపోయారు. దొంగతనం జరుగుతుందని ఒక తలుపుకు తాళం వేసి ఉంచారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా పోయారు. గోడలు పగిలినట్టు ముందురోజే చూశారు. కింది అంతస్తులో బ్యాంకు తన మనుషుల్ని ఇంటికి పంపింది. పైన బట్టలు కుట్టేవాళ్లను మాత్రం రమ్మన్నారు. ఆర్డరు ఆలస్యమైతే నష్టమని. ఆ తర్వాత యూరప్ కంపెనీలు భద్రత మీద ఒప్పందం రాసుకున్నాయి. అప్పటినుంచి ఎగుమతి కేంద్రాల్లో బయటికి పోయే దారి, విద్యుత్తు వైర్లు, సిలిండరు మీద తారీఖు చూసేవాళ్లు ఎక్కువయ్యారు. అవి బాగా లేకపోతే ఆర్డరు రాదు.

మా ఊరి సంగతి చెప్పడానికి నా చేయి ఆడడం లేదు. 2025 మే 18 ఆదివారం తెల్లవారుజామున సోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఒక టవల్ ఫ్యాక్టరీకి మంటలు అంటుకుని 8 మంది చనిపోయారు. అందులో వృద్ధుడైన యజమాని ఉన్నాడు, ఆయన కుటుంబం ఉంది, అక్కడే ఉండే కార్మిక కుటుంబమూ ఉంది. ఎవరి తప్పు అని నేను రాయను, అది నా పని కాదు. ఒక్క మాటే అంటాను. మంట యజమాని ఎవరు, కూలీ ఎవరు అని అడగదు. కార్ఖానాలోనే ఇల్లు, ఇంట్లోనే కార్ఖానా పెట్టుకున్న మన లాంటి వాళ్లకు భద్రత అంటే సొంత పిల్లల భద్రతే.

లాభం ఎవరికి, ఖర్చు ఎవరికి?

ఇక్కడ నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకోవాలి. "ఆరోగ్యం మీద పెడితే లాభం వస్తుంది" అని పెద్ద కంపెనీల పుస్తకాల్లో రాస్తారు. అది నిజమే గాని అన్నివేళలా అందరికీ కాదు. సావుకారుకు కూలికి నేసే మనిషి తన డబ్బుతో షెడ్డుకు లైటు పెట్టుకుంటే బట్టలో తప్పులు తగ్గుతాయి. ఆ లాభం సావుకారుకు పోతుంది. సావుకారు లైటు పెట్టించకపోతే కండ్లు పోయేది నేసేవాడివి. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది అయినప్పుడు ఎవరూ పెట్టరు. అందుకే చట్టాలు కావాల్సి వచ్చాయి. ఆ చట్టం కూడా మన ఇండ్లలోకి రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు ఉంటే 10 మంది, లేకుంటే 20 మంది పనిచేసే చోటుకే వర్తించింది. ఇంటి మగ్గానికి ఇన్‌స్పెక్టరు రాడు.

మరి మనకు దారి ఏమిటి? సహకార సంఘమే. సంఘంలో యజమాని ఎవరు? సభ్యులే. నేసేవాళ్లు ఎవరు? సభ్యులే. సావుకారు దగ్గర రెండు పుస్తకాలు వేరు వేరు, సంఘంలో రెండూ ఒకటే. సభ్యుని ఇంట్లో పోయిన డబ్బు సంఘం డబ్బే.

ఒక లెక్క వేద్దాం. ఇవి ఊహించిన అంకెలు, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. నడుము నొప్పి, దగ్గు, కండ్ల మంటలతో ఒక సభ్యుడు నెలకు 4 రోజులు మగ్గం ఎక్కలేదు అనుకుందాం. సంవత్సరానికి 48 రోజులు. పది మంది సభ్యులకు 480 రోజులు. రోజుకు 5 మీటర్ల చొప్పున 2,400 మీటర్ల బట్ట రాలేదు. మీటరుకు సంఘానికి 20 రూపాయలు మిగిలితే 48,000 పోయింది. మీటరుకు 60 రూపాయల కూలి అయితే సభ్యుల ఇండ్లలో 1,44,000 పోయింది. మొదటి అంకె మాత్రమే మనకు కనబడుతుంది, అది కూడా "ఉత్పత్తి తగ్గింది" అని కనబడుతుంది. రెండో అంకె ఆస్పత్రి చీటీల్లో, కుదువబెట్టిన పుస్తెలతాడులో ఉంటుంది. రెండూ కలిపితే 1,92,000. ఇందులో సగం రోజులు మిగిలినా ఫ్యాన్లు, లైట్లు, తొడుగులు, కూర్చునే చెక్కకు మెత్త ఎన్నోసార్లు వస్తాయి.

ఇంకొక సంగతి. 2015 ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినం నాడు, ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ మొదలైంది. ఆ ముద్ర కావాలంటే నిషేధించిన రంగు ఉండొద్దు, రంగు దిగొద్దు. అంటే శుభ్రంగా పని చేయడం ఇప్పుడు అమ్ముడుపోయే గుణం అయింది. మన చేనేత పవర్‌లూమ్‌తో ధరలో గెలవలేదు. చేతిపని, మంచి రంగు, చెడని నీళ్లు, రోగం లేని మనిషి, వీటితోనే గెలవాలి.

చేయదగ్గవి

మా సంఘంలో ఇన్నేండ్లలో చేసినవాటిలో పనికొచ్చినవి చెబుతాను. రంగు డబ్బా మీద కంపెనీ పట్టీ, బిల్లు లేకపోతే కొనం. తొడుగులు లేకుండా కాస్టిక్, హైడ్రోస్ ముట్టనీయం. రంగు తూచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టాలి, ఆ గదిలో అన్నం, తంబాకు వద్దు. గుంట మగ్గాలను వీలైనంత వరకు పైకి లేపినం, గుంట అడుగున గచ్చు చేసినం. దారాన్ని నోటితో పీల్చకుండా సన్నని తీగ కొక్కెం ఇచ్చినం. నుసిని పొడి చీపురుతో కాకుండా తడి గుడ్డతో తీస్తున్నం. షెడ్డుకు రెండో తలుపు పెట్టి, దాని ముందర నూలు మూటలు పెట్టొద్దని గీత గీసినం. సంవత్సరానికి ఒకసారి కండ్లు, ఛాతీ పరీక్ష చేయిస్తున్నం. ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు. కష్టమల్లా అలవాటు మార్చుకోవడమే. తొడుగు వేసుకుంటే చిలప తడి చేతికి తెలవదు అనే మాట ఇప్పటికీ వింటున్న.

ఇంకొకటి ఈ సమాఖ్యను కోరుతున్నాను. ప్రతి సంఘం తన పుస్తకంలో ఒక కొత్త ఖాతా తెరవాలి. పనివల్ల ఎవరికి ఏ రోగం వచ్చింది, ఎన్ని రోజులు మగ్గం ఆగింది, ఎంత ఖర్చయింది, అది సంఘం కట్టినా సభ్యుడు కట్టినా, అందులో రాయాలి. బరంపురం, సేలం, సోలాపూర్, యానాం ఎక్కడైనా సరే. ఐదు సంవత్సరాల తర్వాత ఆ పుస్తకాలన్నీ ఒక దగ్గర పెట్టి చూస్తే, ప్రభుత్వం దగ్గరికి బీమా కోసం, షెడ్ల కోసం పోయేటప్పుడు మన చేతిలో లెక్క ఉంటుంది. లెక్క లేనివాడి బాధను ఎవరూ నమ్మరు, ఇది నలభై ఏండ్ల గుమాస్తా పనిలో నేను నేర్చుకున్నది.

మా సంఘంలో ఆ ఖాతా పోయిన సంవత్సరం తెరిచినం. మొదటి పేజీలో మొదటి వరుసలో తారీఖు లేకుండా రంగుల కాక పేరు రాసిన. ఖర్చు అనే గడిలో ఏమీ రాయలేదు. ఎంత రాయాలో నాకు తోచలేదు.

జై మార్కండేయ.